పాస్టరుగారి కారుకి పట్టిన జిగురు

చినముప్పవరం
డిసెంబరు 3, 2024

నగ్మాకి,

దేవుడు నిన్నూ నీ షెడ్డునీ చల్లగా చూస్తున్నాడని తలుస్తూ రెబ్కా రాస్తున్నది. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. మా ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, అది ఈయన చొక్కా జేబులో ఉంటుంది. ఎవరు చేసినా స్పీకరు పెట్టి, చేలో కూలీలందరికీ వినపడేలా మాట్లాడతాడు. ఈ సంగతి అలా వినపడదగ్గది కాదు. అందుకే హాస్టల్లో చీటీలు రాసుకున్నట్టు రాసి, పండుమిరప పచ్చడి సీసాతో కలిపి గుంటూరు బస్సు కండక్టరు చేతికి ఇస్తున్నాను.

మా ఊళ్ళో ఒకాయన ఉన్నాడు. పేరు వద్దులే. రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేశాడు. ఈ ఏడు కూడా నల్ల తామర పురుగు పూతలో దూరింది. పువ్వు విప్పి చూస్తే లోపల నల్ల నువ్వులు కదులుతున్నట్టు ఉంటుంది. వ్యవసాయాఫీసు నుంచి వచ్చినాయన, ఈ పురుగుకి నీలం రంగంటే మోజు, నీలం అట్టలకి జిగురు పూసి చేలో నిలబెడితే వచ్చి అతుక్కుంటుందని చెప్పి తలా పది అట్టలు పంచి వెళ్ళాడు. అట్టలు చాల్లేదు.

సరిగ్గా అప్పుడే ఒక పెద్దమనిషి తన కారుని ఆ ఒకాయనకి అప్పగించి, నెల రోజుల పని మీద ఒరిస్సా వైపు వెళ్ళారు. కారు నీలం రంగు. తక్కినది నువ్వే ఊహించుకో. కాదులే, ఊహించుకోలేవు, నేనే చెబుతాను. కారుని చేను మధ్యకి తోలుకెళ్ళి నిలబెట్టి, డబ్బాడు జిగురు ఆముదంలో కలిపి, గోడకి సున్నం కొట్టే బ్రష్షుతో పైనుంచి కిందదాకా పూశాడు. జిల్లా మొత్తం మీద ఇంత పెద్ద నీలం అట్ట లేదని పక్క చేను కోటేష్‌ని పిలిచి చూపించాడు. కోటేష్ వీడియో తీసుకున్నాడు.

పురుగు పడింది. అబద్ధం ఎందుకు, లక్షల్లో పడింది. దాంతోపాటు దోమలు, తూనీగలు, పక్క పత్తి చేల నుంచి ఎగిరొచ్చిన దూది, రోడ్డు దుమ్ము, ఒక చిన్న బల్లి. వారం ఎండకి అంతా కలిసి ముదురు బెల్లం పాకంలా బిగుసుకుంది. ఆ పెద్దమనిషి ఇరవయ్యో తారీఖుకి వస్తున్నారు. రంగు చెడకుండా అది వదలగొట్టే మార్గం రాయి. ఆ ఒకాయన భార్య చాలా దిగులుగా ఉంది. పాపం, మంచిది.

నీ రెబ్కా


గుంటూరు, ఆటోనగర్
డిసెంబరు 7

రెబ్కా,

సలాం. పచ్చడి బాగుంది, ఉప్పు ఎక్కువైంది. ఆ ఒకాయన భార్య అంత మంచిదైతే ఆమెని అడిగానని చెప్పు. ఏసోబు అన్నయ్యని కూడా అడిగానని చెప్పు.

మా ఆయన పోయాక ఆరేళ్ళుగా ఈ పెయింటింగ్ షెడ్డు నేనే నడుపుతున్నాను. కార్ల మీద తారు తీశాను, కాకిరెట్ట తీశాను, వేపచెట్టు జిగురు తీశాను, పెళ్ళికొడుకు పేరుతో అంటించిన థర్మకోల్ తీశాను. పురుగులు పట్టడానికి కారు వాడినవాణ్ణి మాత్రం చూడలేదు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే మా అత్త మాబూబీ మంచం మీద లేచి కూర్చుని నవ్వింది. మోకాళ్ళ నొప్పితో నెలరోజులుగా లేవలేదు. ఆ పుణ్యం అన్నయ్యదే.

ఇక నవ్వు ఆపి రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు. కారు రంగు మీద గాజులాంటి పొర ఒకటి ఉంటుంది. గోరు కన్నా చాలా పలచన. మెరుపంతా దానిదే. మురికి దాని మీద కూర్చుంటుంది. నువ్వు తీయాల్సింది మురికిని, పొరని కాదు. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగిలిందంతా ఓపిక.

కారు నీడలో ఉండాలి, రేకు చల్లబడాలి. ముందు నీళ్ళు ధారగా పోసి, షాంపూ నీళ్ళతో దుమ్ము వదిలించు. దుమ్ము ఉండగా గుడ్డ పెడితే ఇసకతో తోమినట్టే. నేను పంపే సీసాలో జిగురు కరిగించే మందుంది. తలుపు లోపలి అంచున, ఎవరికీ కనపడని చోట రాసి చూడు. గుడ్డకి నీలం అంటితే ఆపేసి నాకు రాయి. అంటకపోతే మెత్తటి నూలుగుడ్డ మందులో తడిపి జానెడు మేర వేసి రెండు నిమిషాలు ఆగు. జిగురు తనంతట తనే వదులుతుంది. తుడువు, రుద్దకు. వెంటనే కడిగేయి. పెట్రోలు వద్దు, థిన్నరు అసలే వద్దు.

జిగురు పోయాక కూడా గరుకు మిగులుతుంది. చేతికి పలచటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని నిమిరితే ఇట్టే తెలుస్తుంది. దానికోసం మైదా ముద్దలాంటిది పెట్టెలో పెట్టాను. క్లే అంటారు. సబ్బునీళ్ళు బాగా చల్లి, ముద్దని బిళ్ళలా అదిమి, అటూ ఇటూ తిన్నగా జార్చాలి. గుండ్రంగా తిప్పకూడదు, బరువు వేయకూడదు. నల్లబడితే మడిచి కొత్త పక్క తీసుకో. కింద పడితే పారెయ్యి, జాలిపడకు. ఒక్క ఇసక రేణువు చాలు, కారు మొత్తం గీసేస్తుంది.

మీ ఊరి ఆడవాళ్ళ సంగతి నాకు తెలుసు. బూడిద, కొబ్బరి పీచు ఆ కారు దగ్గరికి రాకూడదు. అది పప్పు మాడిన గిన్నె కాదు. రోజుకి ఆరు గంటల చొప్పున వారం పడుతుంది. అన్నయ్య చేతే చేయించు. పూసినవాడే తుడవాలి.

నగ్మా


చినముప్పవరం
డిసెంబరు 19

నగ్మాకి,

కనిపెట్టేశావు. సిగ్గుపడి పేరు రాయలేదు. కారు మా సంఘం పాస్టరు ఎలీషా గారిది. పాస్టరమ్మ గారు ఆ నెల ఉండబోయే పుట్టింటి సందులో కారు పట్టదని మా కొట్టం కింద ఉంచి వెళ్ళారు. సంఘ పెద్ద ఇల్లు కదా, భద్రంగా ఉంటుందనుకున్నారు.

నువ్వు పంపిన సామాను అందింది. ఈయన మొదటి రోజు గంటసేపు పని చేశాడు. అందులో ముప్పావు గంట పని ఎలా చేయాలో నాకు చెప్పాడు. కానీ పైకప్పు మాత్రం నువ్వు రాసినట్టే, ఓపికగా, మందు వేసి ఆగి, ముద్ద జార్చి, అద్దంలా తెచ్చాడు. ఆరడుగుల మనిషి, ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ పొడుగు పనికొచ్చింది ఇదే మొదటిసారి. తర్వాత పురుగు మందు కొట్టే కూలీలు దొరికారని చేలోకి పోయినవాడు నాలుగు రోజులు ఇటు చూడలేదు. అడిగితే, "కారు ఎక్కడికీ పోదే, కాయ పోద్ది" అన్నాడు. ఎదురు చెప్పడానికి లేదు, నిజమే కదా.

పాస్టరుగారు ఇరవైకి కాదు, పద్దెనిమిదికే వస్తున్నామని కబురు చేశారు. దేవుడి దయవల్ల అంతలోపే అంతా అయిపోయింది. నిన్న పొద్దున కడిగి చూస్తే నీళ్ళల్లో కారు నిగనిగలాడిపోయింది. జిగురు ఎక్కడా లేదు. సాయంత్రం వాళ్ళబ్బాయి వచ్చి తోలుకెళ్ళాడు. నీ మందు సగం, ముద్ద ముప్పాతిక మిగిలాయి, దాచి ఉంచాను.

ప్రార్థనలో నీ పేరు తలుచుకున్నాను. పైకి కాదులే.

నీ రెబ్కా


గుంటూరు
డిసెంబరు 23

రెబ్కా,

ముద్ద ముప్పాతిక మిగిలిందా? అంత జిగురున్న కారుకి ముద్ద మొత్తం అయిపోవాలి. మా షెడ్డులో చేయి తిరిగినవాళ్ళకే ఐదు రోజుల పని.

నీళ్ళల్లో నిగనిగలాడింది అన్నావు. తడి కారుని మించిన అబద్ధాలకోరు లేదు. గీతల్లో నీళ్ళు నిండి అన్నీ కప్పేస్తాయి. ఆరాక ఎండలో చూశావా?

క్రిస్మస్‌కి అరిసెలు పంపడం మర్చిపోకు.

నగ్మా


చినముప్పవరం
జనవరి 8, 2025

నగ్మాకి,

నీ ఉత్తరం పండగ వెళ్ళాక అందింది. ఎండలో చూడమన్నావు. మాకన్నా ముందు సంఘమంతా చూసింది. క్రిస్మస్ ఆరాధన అయి బయటికొచ్చేసరికి పదకొండు గంటల ఎండ. కారు గుడి ముందే ఉంది. తలుపుల మీద, బానెట్ మీద, డిక్కీ మీద తెల్లటి గీతలు, సాలీడు గూళ్ళలాగా. పాస్టరుగారు కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చారు. పాస్టరమ్మ గారు, "పోనీలెండి, నడుస్తుందిగా" అన్నారు. ఆ మాట కన్నా రెండు తిట్టినా బాగుండేది.

నాలుగో తారీఖున పెద్దలు కూర్చున్నారు. ఈయన్ని లేవమంటే లేచి, జిగురు పూసింది నేనే, పురుగు పడింది, నమ్మనివాళ్ళకి కోటేష్ దగ్గర వీడియో ఉంది అని గర్వంగా చెప్పాడు. నేరం ఒప్పుకుంటున్నాడో బహుమతి పుచ్చుకుంటున్నాడో తెలియలేదు. మరి గీతలు ఎవరివి అంటే, నావి కావన్నాడు. పైకప్పు నేను చేశాను, వెళ్ళి చూసుకోండి, మిగతాది నాకు తెలీదు అన్నాడు. కారు మీ కొట్టంలో ఉంటే నీకు తెలియకుండా ఎవరు గీశారయ్యా అని నిలదీశారు.

పెద్దల్లో యలమందయ్య గారని ఒకరున్నారు. పోయిన ఏడు సంఘం కుర్చీలు తన ఇంటి ఫంక్షనుకి తీసుకెళ్ళి, పన్నెండు తక్కువగా తిరిగి పంపి, లెక్క సరిగ్గానే ఉందన్నాయన. ఆయన లేచి, జిగురు పూయడం తెలివితక్కువతనం, దాన్ని క్షమించొచ్చు, అబద్ధం ఆడటం పాపం, దాన్ని క్షమించకూడదు అన్నారు. అందరూ తలలూపారు. నిజం ఒప్పుకునేదాకా ఈయన బల్ల దగ్గరికి రాకూడదని తీర్మానం చేశారు.

నీకు గుర్తుందో లేదో, నెల మొదటి ఆదివారం మాకు ప్రభువు బల్ల. రొట్టె విరిచి పంచుతారు, ద్రాక్షరసం ఇస్తారు. ఈయన దాన్ని ఎప్పుడూ తప్పలేదు. టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా దుప్పటి కప్పుకుని వచ్చాడు. మొన్న ఆదివారం వెనక బెంచీలో కూర్చున్నాడు. తల వంచలేదు. దాన్ని అందరూ పొగరన్నారు.

నేనేం మాట్లాడతాను. పదిమందిలో నా గొంతు లేవదని నీకు తెలుసు. దేవుడి చిత్తం అనుకుని ఊరుకున్నాను.

గీతలు తీయించి ఇస్తానని ఈయన పాస్టరుగారిని ఒప్పించాడు. కారు నీ దగ్గరికి తెస్తున్నాడు. ఆయనతో ఎక్కువ మాట్లాడకు, మనసు బాగాలేదు. అరిసెలు పంపుతున్నాను.

నీ రెబ్కా


గుంటూరు
జనవరి 20

రెబ్కా,

కారు చూశాను.

ఇరవై ఏళ్ళుగా కార్ల గీతలు చూస్తున్నాను. చెట్టు కొమ్మ గీత వేరు, పిల్లలు మేకుతో గీసిన గీత వేరు. ఇవి గిన్నె తోమిన గీతలు. గుండ్రంగా, కుడి చేత్తో, ఒకదాని మీద ఒకటి. అద్దాల రబ్బరు సందుల్లో బూడిద ఉంది. నంబరు ప్లేటు వెనక కొబ్బరి పీచు ముక్క దొరికింది. గీతలన్నీ నీ భుజం ఎత్తుదాకా ఉన్నాయి. అక్కడి నుంచి పైన ఒక్కటి లేదు. ఆ పైకప్పు చూస్తే నాకు ముచ్చటేసింది. మా షెడ్డులో కూడా అంత శుభ్రంగా చేసేవాడు ఒక్కడే ఉన్నాడు.

ఏసోబు అన్నయ్య నా ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. ఎక్కువ మాట్లాడొద్దన్నావు, నేను మాట్లాడలేదు. ఆయనే మాట్లాడాడు. కోటేష్ గీసి ఉంటాడని అనుమానమట. వీడియో తీసి నవ్వినవాడు అంతకీ తెగిస్తాడు అన్నాడు. ఇద్దరిదీ ఒకే బోరు కదా, నీళ్ళ వంతు దగ్గర మాటా మాటా పెరిగి ఇప్పుడు పలకరింపులు లేవట. ఇంట్లో ఎవరైనా తుడిచారేమో అడిగారా అన్నాను. ఆయన ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"మా రెబ్కానా? అది చేసుంటే ఆ నిమిషమే చెప్పుద్ది చెల్లెమ్మా. దానికి అబద్ధం రాదు."

నేను టీ తెప్పిస్తానని లేచి అవతలికి వెళ్ళాను. ఆయన మొహం చూడలేకపోయాను.

పీచు వద్దని రాశాను. గుండ్రంగా వద్దని రాశాను. నువ్వు హాస్టల్లో కూడా అంతే. మెత్తగా తల ఊపేదానివి, నీ ఇష్టం వచ్చింది చేసేదానివి, వార్డెను నన్ను కొట్టేది.

నగ్మా


చినముప్పవరం
ఫిబ్రవరి 5

నగ్మాకి,

నీకు గీతలు చదవడం వచ్చు. మనుషుల్ని చదవడం రాదు.

నేను అబద్ధం ఆడలేదు. నన్ను ఎవరూ అడగలేదు. పెద్దలు ఈయన్ని అడిగారు, ఈయన కోటేష్‌ని అనుమానించాడు, నా వైపు ఎవరూ తిరగలేదు. అడగని దానికి జవాబు చెప్పడం నాకు నేర్పలేదు.

నీ ముద్దతో రోజంతా కూర్చుంటే ఒక తలుపులో సగం వచ్చింది. అప్పటికి రెండు రోజుల్లో పాస్టరుగారు వస్తున్నారు. ఇంటికి చెడ్డపేరు రాకూడదని చేశాను, నా సుఖానికి చేయలేదు. ఈయన చేలో తిరుగుతుంటే నడుం పడిపోయేలా తోమింది ఎవరు? జిగురు పూసిన చేతులు ఆయనవి. మొదటి తప్పు ఎవరిదో దేవుడికి తెలుసు. కొన్నాళ్ళు వెనక బెంచీలో కూర్చుంటే కొంచెం అణకువ వస్తుందని కూడా అనిపించింది. రావాల్సిందే.

మొన్న ఆదివారం బల్లకి వెళ్ళాను. నా మనసు ప్రశాంతంగా ఉంది.

ఈ సంగతి ఇక రాయకు.

రెబ్కా


గుంటూరు
ఫిబ్రవరి 14

రెబ్కా,

రాయొద్దన్నావు. కారు సంగతి రాయాలి, అది నా పని.

పైపైన ఉన్న గీతలు మిషను పాలిష్‌తో పోయాయి. బానెట్ మీద రెండు, డ్రైవరు తలుపు మీద రెండు పోలేదు. గోరు పెడితే తగులుతున్నాయి, పొర దాటి దిగాయి. ఇంకా అరగదీస్తే గీత పోతుంది, గీతతో పాటు పొరా పోతుంది, వచ్చే ఎండాకాలానికి రంగు పెచ్చులూడుతుంది. అందుకని ఆపేశాను. మైనం పట్టించి ఇచ్చాను. దూరం నుంచి కనపడవు.

అన్నయ్య నిన్న వచ్చి తీసుకెళ్ళాడు. ఆ నాలుగు గీతల్నీ వేలితో తడిమి, ఎవరు చేశారో గానీ గట్టిగా తోమారు అన్నాడు. నేను చెప్పలేదు. చెప్పాల్సింది నేను కాదు.

మార్చి రెండో తారీఖు ఆదివారం. క్యాలెండరు చూశాను.

నగ్మా


చినముప్పవరం
మార్చి 3

నగ్మాకి,

నిన్న చెప్పాను.

బల్లకి ముందు పాస్టరుగారు, ఎవరికైనా ఎవరితోనైనా సమాధానపడాల్సింది ఉంటే ఇప్పుడే పడండి అంటారు. ప్రతి నెలా అంటారు, ప్రతి నెలా ఎవరూ లేవరు, ఒక్క నిమిషం ఆగి రొట్టె తీస్తారు. నిన్న నేను లేచాను. కారు తోమింది నేనే, బూడిదతో, పీచుతో, వద్దని చెప్పినా వినకుండా తోమాను, కోటేష్‌కి సంబంధం లేదు అన్నాను. నా గొంతు లేవలేదు. పాస్టరుగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంటమ్మా, మళ్ళీ చెప్పండి" అన్నారు. రెండోసారి మొత్తం చెప్పాల్సి వచ్చింది. ఈసారి వెనక బెంచీదాకా వినపడింది.

అయిదు నిమిషాల్లో నన్ను క్షమించేశారు. నిజంగా అయిదు నిమిషాలు. పాస్టరమ్మ గారు వచ్చి కావలించుకున్నారు. యలమందయ్య గారు, ఇదీ విశ్వాసి లక్షణం, మా రెబ్కమ్మది వెన్నలాంటి మనసు అన్నారు. ఆడవాళ్ళు ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. చేయని దానికి ఈయనకి రెండు నెలలు పట్టింది. చేసిన నాకు అయిదు నిమిషాలు. గట్టిగా మాట్లాడేవాడు నిజం చెప్పినా పొగరు, మెత్తగా మాట్లాడేది ఏం చేసినా వెన్న. ఇన్నేళ్ళు ఈ వెన్న మీదే బతికానని నిన్న తెలిసింది.

ఆ తర్వాత ఈయన్ని ముందుకు రమ్మని పిలిచారు. లేవలేదు. బతిమాలారు. ఇవాళ కాదులెండి అని అక్కడే కూర్చున్నాడు. నేనూ బల్లకి వెళ్ళలేదు. వెళ్ళమని అందరూ తోశారు, బెంచీ పట్టుకుని కూర్చున్నాను.

ఇంటికి నడిచి వస్తుంటే నా ముందు పది అడుగుల దూరంలో నడిచాడు. కేకలేస్తాడనుకున్నాను. కేకలేస్తే బాగుండునని కూడా అనుకున్నాను, నాలుగు చేల అవతలికి వినపడేలా. కాలవ దగ్గర ఆగాడు. నేను దగ్గరికి వచ్చేదాకా ఉండి మాట్లాడాడు. ఈయన అంత చిన్నగా మాట్లాడగలడని నాకు తెలియదు.

"రెండుసార్లు రొట్టె తిని ఇంటికొచ్చావు. రెండుసార్లూ నాకు అన్నం పెడతా, ఒప్పేసుకుంటే పోయేదిగా అన్నావు. ఎట్టా దిగిందే రెబ్కా, గొంతులో?"

ఆ మాట నీకు రాయలేదు నగ్మా. అన్నం పెడుతూ అలా అన్నానని ఏ ఉత్తరంలోనూ రాయలేదు.

ఆయన ఆరాధన బట్టలతోనే కోటేష్ చేలోకి దిగి వెళ్ళాడు. ఇద్దరూ గట్టు మీద కూర్చోవడం దూరం నుంచి చూశాను. మధ్యాహ్నం అన్నానికి రాలేదు. సాయంత్రం వచ్చి, తనే వడ్డించుకుని తిన్నాడు.

ఆయన అడిగినదానికి జవాబు పొద్దుటి నుంచి వెతుకుతున్నాను. దిగలేదు, ముల్లులా గుచ్చుకుంది అని చెబుదామని రెండుసార్లు వంటింట్లోంచి లేచి వెళ్ళాను. గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చాను. అది చెబితే మళ్ళీ అబద్ధమే అవుతుంది. నీకైనా నిజం రాస్తాను.

సాఫీగా దిగింది నగ్మా. రెండుసార్లూ.

రెబ్కా